డేవిడ్ బోమ్

డేవిడ్ జోసెఫ్ బోమ్ (డిసెంబర్ 20, 1917 - అక్టోబర్ 27, 1992) ఇరవయ్యవ శతాబ్దపు సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్తలలో ప్రముఖుడు. ఒక చోట బంధింపబడిన అయస్కాంత క్షేత్రం, తనను ఏమాత్రం తాకకుండా చుట్టూ ప్రయాణించే ఎలక్ట్రాను మీద కూడా ప్రభావం చూపుతుందని 1959లో తన శిష్యుడు యాకిర్ అహరనోవ్‌తో కలిసి ప్రతిపాదించాడు. ఇది అహరనోవ్-బోమ్ ప్రభావం అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. అమెరికాలో జన్మించిన బోమ్ రాజకీయ కారణాల వల్ల స్వదేశాన్ని విడిచి బ్రెజిల్, ఇజ్రాయెల్, ఇంగ్లండు దేశాలలో జీవించవలసి వచ్చింది. తెలుగువారిలో చాలామందికి ఈయన పేరు మదనపల్లెలో జన్మించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తితో జరిపిన సంభాషణల ద్వారా పరిచయం. అయితే భౌతికశాస్త్రంలో ఈయన స్థానం ఆ సంభాషణల మీద ఆధారపడినది కాదు.

బాల్యం, విద్యాభ్యాసం

బోమ్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విల్క్స్-బారీ అనే బొగ్గుగనుల పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ హంగరీ ప్రాంతం నుంచి వలస వచ్చి గృహోపకరణ సామగ్రి దుకాణం నడిపేవాడు. తల్లి లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబానికి చెందినది. కుమారుడు వ్యాపారంలో స్థిరపడాలని తండ్రి కోరిక. బాలుడైన బోమ్ చుక్క కారని టీపాత్ర ఒకటి తయారుచేసినపుడు దానిని అమ్మి సొమ్ము చేసుకొమ్మని తండ్రి ప్రోత్సహించాడు గాని, అమ్మకాలకు ముందు జరపవలసిన విచారణకు అయ్యే ఖర్చు తెలియగానే కుర్రవానికి వ్యాపారం మీద ఆసక్తి పోయింది.

1939లో పెన్సిల్వేనియా స్టేట్ కళాశాల నుంచి పట్టభద్రుడైనాడు. తరువాత కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో కొంతకాలం చదివి, అక్కడి పోటీ వాతావరణం నచ్చక బర్కిలీకి మారి, రాబర్ట్ ఒపెన్‌హైమర్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరాడు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరి కొద్ది నెలలు మాత్రమే సభ్యుడిగా ఉన్నాడు. ఆ కొద్ది నెలల సభ్యత్వమే ఆ తరువాతి జీవితాన్నంతటినీ మలుపు తిప్పింది.

ఒపెన్‌హైమర్ అణుబాంబు ప్రయత్నానికి నాయకత్వం వహించడానికి లాస్ అలమోస్ వెళ్ళినపుడు బోమ్‌ను కూడా పిలిపించుకోవాలని చూశాడు. సైన్యం అనుమతి ఇవ్వలేదు. ఐరోపాలో నాజీల చేతిలో చిక్కుకున్న బంధువులు ఉన్నారన్నది పైకి చెప్పిన కారణం. ఇంతలో బోమ్ తన పరిశోధనలో చేసిన పరిక్షేపణ గణనలు బాంబు తయారీకి ఉపయోగపడతాయని తేలి, అవి రహస్య పత్రాలుగా ప్రకటింపబడ్డాయి. రహస్య పత్రాలు చూసే అర్హత బోమ్‌కు లేనందున తన సొంత సిద్ధాంత వ్యాసాన్ని తానే వ్రాయడానికి, సమర్పించడానికి వీలులేకపోయింది. చివరకు పరిశోధన సంతృప్తికరంగా పూర్తయినదని ఒపెన్‌హైమర్ ధ్రువీకరించగా 1943లో డాక్టరేటు లభించింది.

ప్లాస్మా, అయస్కాంత క్షేత్రం

యుద్ధకాలంలో బోమ్ బర్కిలీ రేడియేషన్ ప్రయోగశాలలో పనిచేశాడు. యురేనియం ఐసోటోపులను వేరుచేసే విద్యుదయస్కాంత యంత్రాలలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో ప్లాస్మా ఎలా ప్రవర్తిస్తుందన్నది ఇక్కడి సమస్య. విద్యుదావేశం గల కణాలు అయస్కాంత బలరేఖల చుట్టూ తిరుగుతాయి కాబట్టి రేఖలకు అడ్డంగా సులువుగా జారిపోకూడదు. లెక్క ప్రకారం ఈ వ్యాపనం క్షేత్రబలం వర్గానికి విలోమానుపాతంలో తగ్గాలి. వాస్తవంలో మాత్రం క్షేత్రబలానికే విలోమానుపాతంలో తగ్గుతున్నదని, అంటే కణాలు అనుకున్నదానికంటే చాలా వేగంగా తప్పించుకుంటున్నాయని బోమ్ గుర్తించాడు. దీనినే బోమ్ వ్యాపనం అంటారు. 1968లో సోవియట్ టోకమాక్ ఫలితాలు వెలువడేవరకు కేంద్రక సంలీన శాస్త్రజ్ఞులను ఈ సూత్రం చాలా నిరుత్సాహపరచింది.

యుద్ధానంతరం బోమ్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్యుడిగా చేరాడు. అక్కడ తన విద్యార్థి డేవిడ్ పైన్స్‌తో కలిసి లోహాలలోని ఎలక్ట్రాన్లు గుంపుగా చేసే కంపనాల సిద్ధాంతాన్ని నిర్మించాడు. ఘనస్థితి భౌతికశాస్త్రంలో ఇది నేటికీ పునాదిరాళ్ళలో ఒకటి.

విచారణ, ప్రవాసం

1949 మేలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం బోమ్‌ను పిలిపించింది. రాజ్యాంగపు ఐదవ సవరణ ఇచ్చిన హక్కును ఆధారం చేసుకొని, తన సహచరుల గురించి సమాధానం చెప్పడానికి నిరాకరించాడు. ఫలితంగా చట్టసభ ధిక్కారం కింద అభియోగం మోపి 1950 డిసెంబరులో అరెస్టు చేశారు. 1951 మేలో న్యాయస్థానం నిర్దోషి అని తీర్పు ఇచ్చింది. అయితే ప్రిన్స్‌టన్ ఈలోపే సస్పెండు చేసింది. తీర్పు తరువాత కూడా ఉద్యోగాన్ని పొడిగించలేదు. ఐన్‌స్టీన్ తన సహాయకుడిగా తీసుకోవాలని చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు.

అదే సంవత్సరం ఈయన వ్రాసిన క్వాంటం సిద్ధాంత పాఠ్యగ్రంథం వెలువడింది. బోర్ సంప్రదాయాన్ని అనుసరించి ఆ సిద్ధాంతాన్ని ఇంత స్పష్టంగా వివరించిన పుస్తకాలు అప్పటికి తక్కువే. విచిత్రమేమంటే, పుస్తకం వ్రాస్తున్నకొద్దీ ఆ సంప్రదాయం మీద రచయితకే నమ్మకం సడలింది.

1951 అక్టోబరులో ఐన్‌స్టీన్, ఒపెన్‌హైమర్‌ల సిఫారసులతో బోమ్ బ్రెజిల్‌లోని సావో పావ్లో విశ్వవిద్యాలయానికి చేరాడు. కొద్ది కాలానికే అక్కడి అమెరికా దౌత్య కార్యాలయం పాస్‌పోర్టును తీసుకున్నది. స్వదేశానికి తిరిగి వెళ్ళడానికైతేనే తిరిగి ఇస్తామన్నది. మరే దేశానికీ కదలలేని పరిస్థితిలో బ్రెజిల్ పౌరసత్వం స్వీకరించగా అమెరికా పౌరసత్వం రద్దయింది.

1952లో ఫిజికల్ రివ్యూ పత్రికలో గుప్త చలరాశుల గురించి బోమ్ రెండు వ్యాసాలు ప్రచురించాడు. ఎలక్ట్రానుకు ఎల్లప్పుడూ నిర్దిష్టమైన స్థానం ఉంటుందని, ఒక తరంగం దానికి దారి చూపుతుందని వీటి సారాంశం. 1927లో లూయీ ద బ్రోలీ ఇటువంటి ఆలోచననే ప్రకటించి, విమర్శలకు తట్టుకోలేక విడిచిపెట్టాడు. బోమ్ దానిని పూర్తిగా నిలబెట్టి, మామూలు క్వాంటం యాంత్రికశాస్త్రపు ఫలితాలన్నీ దీనినుంచి వస్తాయని చూపించాడు. అయినా ఆదరణ కరువైంది. పౌలీ అంగీకరించలేదు. ఐన్‌స్టీన్‌కు కూడా ఇది మరీ సులువైన పరిష్కారంగా తోచింది. దూరదేశంలో ఉండి సభలకు వెళ్ళి తన వాదాన్ని వినిపించే అవకాశం కూడా బోమ్‌కు లేకపోయింది. ఆ వ్యాసాలను శ్రద్ధగా చదివినవారిలో జాన్ బెల్ ఒకడు. 1964లో బెల్ ప్రకటించిన ప్రసిద్ధ అసమానతకు ప్రేరణ అక్కడిదే.

అహరనోవ్-బోమ్ ప్రభావం

1955లో బోమ్ ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలోని టెక్నియాన్ సంస్థకు మారాడు. అక్కడే సారా వుల్ఫ్‌సన్‌ను కలుసుకొని 1956లో వివాహం చేసుకున్నాడు. హైఫాలోనే పుట్టి పెరిగిన యాకిర్ అహరనోవ్ అక్కడ ఈయనకు శిష్యుడైనాడు. 1957లో బోమ్ ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినపుడు అహరనోవ్ కూడా వెంట వెళ్ళాడు. రెండేళ్ళ తరువాత క్వాంటం సిద్ధాంతంలో విద్యుదయస్కాంత పొటెన్షియళ్ళ ప్రాముఖ్యం గురించి వీరిద్దరి వ్యాసం వెలువడింది.

వ్యాసం ప్రాముఖ్యం అర్థం కావాలంటే కొంత పూర్వరంగం అవసరం. విద్యుదయస్కాంత శాస్త్రంలో క్షేత్రాలు, పొటెన్షియళ్ళు అని రెండు రకాల రాశులు ఉన్నాయి. న్యూటను మార్గంలో ఆలోచిస్తే కణం మీద బలం చూపేది అది ఉన్నచోట ఉన్న క్షేత్రం మాత్రమే. పొటెన్షియల్ లెక్కను సులువు చేసే సాధనం. పైగా ఒకే క్షేత్రాన్ని అనేక రకాల పొటెన్షియళ్ళతో వర్ణించవచ్చు కాబట్టి, వాటిలో ఏ ఒక్కటీ నిజమైన భౌతిక వస్తువు కాదని అందరూ భావించేవారు. అయితే ష్రోడింగర్ సమీకరణంలో కనిపించేది క్షేత్రం కాదు, పొటెన్షియలే. ఈ సంగతి ముప్పై ఏళ్ళుగా అందరికీ తెలిసినదే. దానిని పట్టించుకోవలసినంత విషయంగా చూసినవారు అరుదు.

పొడవైన, సన్నని తీగచుట్టలో, అంటే సాలినాయిడ్‌లో, విద్యుత్తు ప్రవహింపజేస్తే అయస్కాంత క్షేత్రం దాదాపు అంతా చుట్ట లోపలే ఉంటుంది. బయట క్షేత్రం శూన్యం, కాని సదిశా పొటెన్షియల్ శూన్యం కాదు. ఒక ఎలక్ట్రాను పుంజాన్ని రెండుగా చీల్చి, ఒక భాగాన్ని చుట్టకు ఎడమవైపు నుంచి, మరొక భాగాన్ని కుడివైపు నుంచి పంపి తిరిగి కలిపితే తెరమీద వ్యతికరణ పట్టీలు ఏర్పడతాయి. చుట్టలో విద్యుత్తును మార్చినపుడు ఆ పట్టీలు పక్కకు జరుగుతాయని బోమ్, అహరనోవ్‌లు లెక్కగట్టారు. ఎలక్ట్రాను దారిలో ఎక్కడా బలం లేదు. అయినా ఫలితం మారుతుంది.

హైదరాబాదు పాఠకులకు తెలిసిన పోలికతో చెప్పవచ్చు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఉంది. రెండు కార్లు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఈ రహదారి ఎక్కాయనుకుందాం. ఒకటి గచ్చిబౌలి, పటాన్‌చెరు వైపుగా, రెండవది తుక్కుగూడ, ఘట్‌కేసర్ వైపుగా సాగి ఉత్తరాన మేడ్చల్ వద్ద కలుస్తాయి. రెండింటిలో ఏదీ నగరంలోకి దిగలేదు. నగరంలో ఏం జరిగినా వీటికి సంబంధం ఉండకూడదు. కాని చార్మినార్ దగ్గర ఒక మీట నొక్కితే, మేడ్చల్‌లో కలుసుకున్న రెండు కార్ల గడియారాల మధ్య తేడా మారుతున్నదనుకుంటే ఎలా ఉంటుందో ఈ ప్రభావం అలాంటిది. ఇక్కడ గడియారపు ముల్లు స్థానంలో ఉండేది తరంగపు దశ. ఒక్క కారు గడియారాన్ని మాత్రమే చూస్తే ఏమీ తెలియదు. రెండింటినీ పోల్చినపుడే తేడా బయటపడుతుంది. కార్లు చేవెళ్ళ, భువనగిరి మీదుగా ఇంకా దూరంగా తిరిగి వచ్చినా నగరం వల్ల కలిగే ఆ తేడా అంతే ఉంటుంది. దారి ఆకారంతో పని లేదు, నగరాన్ని చుట్టివచ్చాయా లేదా అన్నదే లెక్క. ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కార్లు రెండు, ఎలక్ట్రాను ఒక్కటే. ఆ ఒక్కదాని తరంగమే రెండు దారులలోనూ సాగుతుంది.

ఈ దశాభేదం చుట్టలోని మొత్తం అయస్కాంత అభివాహానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశంతో భాగిస్తే వచ్చే విలువ 4.14 ఫెమ్టోవెబర్లు. అభివాహం ఇంత మారిన ప్రతిసారీ పట్టీలు సరిగ్గా ఒక పట్టీ వెడల్పు జరిగి, చిత్రం మునుపటిలాగే కనిపిస్తుంది. ఇది ఎంత స్వల్పమో చెప్పాలంటే, హైదరాబాదు ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలకు కొంచెం ఎక్కువ. దానికి లంబంగా పది మైక్రాన్ల భుజం గల చతురస్రాన్ని ఉంచితే, దాని గుండా పోయే అభివాహం దాదాపు ఇంతే.

పొటెన్షియళ్ళు నిజమైనవేనా అన్న వివాదం వెంటనే మొదలయింది. పొటెన్షియల్‌ను ఇష్టమున్నట్లు మార్చుకోవచ్చు కదా అన్న ఆక్షేపణకు సమాధానం ఉంది. ఏ బిందువు వద్దనైనా దాని విలువను మార్చవచ్చు గాని, చుట్టూ తిరిగి మొదటికి వచ్చే దారి పొడుగునా కూడితే వచ్చే మొత్తం మారదు. అది లోపలి అభివాహానికి సమానం. 1975లో వూ, యాంగ్‌లు ఈ చర్చను ఒక కొలిక్కి తెచ్చారు. క్షేత్రం ఒక్కటే చెబితే సమాచారం చాలదు, పొటెన్షియల్ చెబితే అవసరానికి మించుతుంది, దశా గుణకం మాత్రమే సరిపోతుందని వారు వివరించారు. మూలవ్యాసం పొటెన్షియళ్ళ పక్షాన కొంత ఎక్కువగానే మొగ్గినదని ఇప్పుడు అనిపించినా, ప్రశ్నను అంత సూటిగా అడిగినది ఆ వ్యాసమే.

ఈ ఫలితం బోమ్ సొంత గుప్త చలరాశుల సిద్ధాంతంపై ఆధారపడదన్నది గమనించవలసిన విషయం. అందరూ అంగీకరించిన మామూలు క్వాంటం సిద్ధాంతం నుంచే ఇది వస్తుంది. రెండింటినీ కలిపి చెప్పే పొరపాటు తరచుగా కనిపిస్తుంది.

మునుపటి పరిశోధన

వెర్నర్ ఎరెన్‌బర్గ్, రేమండ్ సైడే అనే ఇద్దరు ఎలక్ట్రాను దృశాశాస్త్రం గురించి 1949లో ప్రచురించిన వ్యాసంలో ఈ ప్రభావాన్ని పదేళ్ళ ముందే సూచించారు. దానిని ఎవరూ గమనించలేదు. బోమ్, అహరనోవ్‌లకు కూడా తెలియదు. తెలిసిన తరువాత 1961లో ప్రచురించిన రెండవ వ్యాసంలో వారి ప్రాథమ్యాన్ని గుర్తించారు. అందుచేత కొందరు దీనిని ఎరెన్‌బర్గ్-సైడే-అహరనోవ్-బోమ్ ప్రభావం అని వ్యవహరిస్తారు. అదే 1961లో బోమ్ లండనులోని బర్క్‌బెక్ కళాశాలలో సైద్ధాంతిక భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. ఎరెన్‌బర్గ్ పనిచేస్తున్నది కూడా అక్కడే.

ప్రయోగ నిరూపణ

బ్రిస్టల్‌లోనే పనిచేస్తున్న రాబర్ట్ చేంబర్స్ 1960లో మొదటి ప్రయోగం చేశాడు. సాలినాయిడ్‌కు బదులుగా ఒక మైక్రాను మందం గల ఇనుప స్ఫటిక తంతువును వాడి పట్టీలు జరగడం చూపించాడు. అయితే తంతువు అంచుల నుంచి కొంత క్షేత్రం బయటకు కారి ఉండవచ్చునన్న సందేహం మిగిలింది. 1978లో ఇటలీకి చెందిన బొక్కియేరి, లోయింజర్‌లు అసలు ఈ ప్రభావమే లేదని వాదించారు.

సందేహ నివృత్తి చేసినవాడు జపానులోని హిటాచీ సంస్థకు చెందిన అకిరా టోనోమురా. ఆయన చివరలే లేని అయస్కాంతాన్ని, అంటే గారె ఆకారంలోని సూక్ష్మ వలయాన్ని తీసుకున్నాడు. 1986 నాటి ప్రయోగంలో దానిని నియోబియం అనే అతివాహకంతో పూర్తిగా కప్పాడు. అతివాహకం క్షేత్రాన్ని బయటకు రానివ్వదు, ఎలక్ట్రానును లోపలికి పోనివ్వదు. రంధ్రం గుండా వెళ్ళిన తరంగాన్ని, బయటనుంచి వెళ్ళిన తరంగంతో పోల్చగా దశాభేదం స్పష్టంగా కనిపించింది. అంతేకాక ఆ భేదం ఎప్పుడూ సున్న లేదా అర్ధావర్తనం మాత్రమే అయింది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా తిరుగుతాయి కాబట్టి, అది చుట్టి ఉంచిన అభివాహం పైన చెప్పిన విలువలో సగం సగంగానే పెరుగుతుంది. ఈ రెండు విలువలే రావడానికి అదే కారణం. దీనితో క్షేత్రం కారిపోయిందన్న వాదానికి ఆధారం లేకుండా పోయింది.

1985లో అమెరికాలోని ఐబీఎం సంస్థలో రిచర్డ్ వెబ్ బృందం, ఒక మైక్రాను కంటే చిన్న వ్యాసం గల బంగారు ఉంగరంలో ఇదే ప్రభావాన్ని విద్యుత్ నిరోధపు హెచ్చుతగ్గులుగా చూపించింది. బ్రిస్టల్‌కే చెందిన మైకేల్ బెర్రీ 1984లో ప్రతిపాదించిన జ్యామితీయ దశకు ఇది ఒక ఉదాహరణ అయింది. అటువంటి దశనే కాంతి విషయంలో బెంగుళూరులో ఎస్. పంచరత్నం 1956లోనే, అంటే బోమ్ వ్యాసానికి మూడేళ్ళు ముందుగా, కనిపెట్టి ఉన్నాడు. ఆవేశం, అభివాహం కలిసి ఒక జంటగా మెలగితే ఆ జంట బోసాను, ఫెర్మియాను కాని కొత్తరకం కణంగా ప్రవర్తిస్తుందని 1982లో ఫ్రాంక్ విల్చెక్ చూపి, వాటికి ఎనియాన్లని పేరు పెట్టాడు. వాటి ఉనికికి 2020లో ప్రయోగాత్మక ఆధారాలు లభించాయి.

జిడ్డు కృష్ణమూర్తితో పరిచయం

బ్రిస్టల్‌లో ఉన్న రోజులలో బోమ్ దంపతులకు పట్టణ గ్రంథాలయంలో కృష్ణమూర్తి పుస్తకం ఒకటి దొరికింది. చూచేవాడికి, చూడబడేదానికి మధ్య భేదం గురించి అందులో ఉన్న చర్చ బోమ్‌ను ఆకర్షించింది. కొలిచే పరికరాన్ని, కొలవబడే వస్తువును వేరుచేయలేకపోవడం క్వాంటం సిద్ధాంతంలో కూడా ప్రధాన సమస్య కావడమే దీనికి కారణం. 1961లో లండనులో కృష్ణమూర్తిని కలుసుకున్నాడు. ఈ స్నేహం సుమారు పాతికేళ్ళు, 1986లో కృష్ణమూర్తి మరణం వరకు కొనసాగింది. చివరి సంవత్సరాలలో మాత్రం మునుపటి సాన్నిహిత్యం లేదు. ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్ పాఠశాల వ్యవహారాలలో బోమ్ చురుకుగా పాల్గొన్నాడు. వీరిద్దరి 1980 నాటి సంభాషణలు 1985లో పుస్తకరూపం దాల్చాయి.

1980లో ప్రచురించిన గ్రంథంలో బోమ్ అంతర్హిత క్రమం అనే భావనను వివరించాడు. విడివిడిగా కనిపించే వస్తువులు లోతైన ఒకే క్రమం నుంచి విప్పుకుంటాయని దీని భావం. సాధారణ పాఠకులలో దీనికి విశేష ప్రచారం లభించింది. భౌతిక శాస్త్రవేత్తలు ఎక్కువమంది దీనిని తాత్విక చింతనగానే పరిగణించారు. ప్రయోగంతో పరీక్షించదగిన కొత్త ఫలితమేదీ దానినుంచి రాలేదన్నది నిజం.

చివరి రోజులు

బోమ్ 1983లో పదవీ విరమణ చేశాడు. తరువాత కూడా సహచరుడు బాసిల్ హైలీతో కలిసి పరిశోధన కొనసాగించాడు. జీవితంలో అనేకమార్లు తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనై, 1991లో లండనులోని ఆసుపత్రిలో చికిత్స పొందాడు. న్యాయపోరాటం తరువాత 1986లో అమెరికా పౌరసత్వం తిరిగి లభించింది. అప్పటికి దేశం విడిచి ముప్పై అయిదేళ్ళయింది. 1990లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. అహరనోవ్-బోమ్ ప్రభావానికి నోబెల్ బహుమతి రాగలదని చాలామంది భావించారు గాని అది రాలేదు.

1992 అక్టోబర్ 27న బర్క్‌బెక్ నుంచి టాక్సీలో ఇంటికి చేరుతుండగా గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయస్సు 74 సంవత్సరాలు. హైలీతో కలిసి వ్రాసిన చివరి గ్రంథం 1993లో వెలువడింది. 1998లో వుల్ఫ్ బహుమతిని అహరనోవ్, బెర్రీలు పంచుకున్నారు.